కట్టు కట్టిన గుంతలు

మా వీధి కట్టు పెద్దాయన పోయాడని నాకు పాలు పోసే ఆమె చెప్పింది. పొద్దున ఆరు గంటలకు గేటు ముందు నిలబడి కుడిచేత్తో పాలు పోస్తోంది. ఎడమచెయ్యి మెడలో కట్టుకున్న గుడ్డకు వేలాడుతోంది. ఆ చేతికున్న కట్టు పెద్దాయన తొమ్మిది రోజుల కిందట కట్టిందే.

"పెద్దాయన పోయినాడంటక్కా. నిద్రలోనే అంట." చెప్పి, కొసరు కూడా పోసి, తన ఎడమచేతికేసి కాసేపు చూసుకుంది. "ఇంక నా కట్టు యెవురిప్పుతారు?"

ఏడవబోయినదాన్ని ఆగిపోయాను. ఆమె అడిగింది న్యాయమైన మాటే. లోపలికి వెళ్లి నోటుబుక్కు తెచ్చి చూశాను. "పాలు పోసే ఆమె. ఎడమ మణికట్టు. మార్కెట్టు వీధి, మందుల షాపు ముందు గుంత. కట్టు విప్పేది ఇరవై ఒకటో రోజు" అని నా చేతిరాతతోనే ఉంది.

"ఇంకా పన్నెండు రోజులుందిలే. అంతలో చూద్దాం," అన్నాను. ఆమె తలూపి పక్కింటికి పోయి అక్కడ కూడా అదే మాట అడిగింది.

మా వైపు పుత్తూరు కట్టు సంగతి తెలియనివాళ్లు లేరు. చెయ్యో కాలో విరిగితే ఆకు పసరు, కోడిగుడ్డు సొన పట్టించి, వెదురు దబ్బలు ఆనించి, గుడ్డతో బిగించి చుట్టే వైద్యం అది. పెద్దాయన చిన్నతనంలో పుత్తూరులోనే ఆ పని నేర్చుకుని, పెళ్లయ్యాక మా ఊరొచ్చి, మా ఇంటికి నాలుగో ఇంట్లో స్థిరపడ్డాడు. మాది తిరుపతి రోడ్డు మీద ఒక చిన్న మునిసిపాలిటీ. ఆయన మాకు చుట్టం కాదు. నేను పెద్దనాయనా అనేదాన్ని. యాభై దాటిన నన్ను ఆయన పాపా అనేవాడు. ఆయన భార్యను పెద్దమ్మా అంటాను. పసరు నూరడం, గుడ్డలు ఉతికి ఆరవెయ్యడం ఎప్పుడూ ఆమె పనే.

ఆయన దగ్గరికి వచ్చినవాళ్లను "నొప్పి ఎట్లుండాది?" అని అడిగేవాడు కాదు. నొప్పి ఉండబట్టే వచ్చారు కదా. "యాడ పడినావు?" అని అడిగేవాడు. తర్వాత కళ్లు మూసుకుని రెండు బొటనవేళ్లతో ఎముకను తడిమేవాడు. తలకు దెబ్బ తగిలితే, ఎముక బయటికొస్తే, "ఇది నా పని కాదు, తిరుపతి ఆస్పత్రికి పో," అని తనే ఆటో పిలిచి పంపేవాడు. ఒకామె కాలు విరగ్గొట్టుకుని వచ్చి, వచ్చే నెల అలిపిరి మెట్లెక్కి కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నానే అని ఏడ్చింది. "స్వామికి నేను చెప్తాలేమ్మా, ఆర్నెల్లు వాయిదా ఏసుకోమని. నీకంటే ముందు మొక్కినోళ్లు శానామంది ఉండారు. నువ్వు రాలేదని ఆయన కనుక్కోడు," అన్నాడు. ఆమె కాలు బాగయ్యాక మెట్లెక్కి వచ్చి లడ్డు ఇచ్చింది.

గుంతలకు కట్లు కట్టడం ఆయన ఎందుకు మొదలుపెట్టాడో నేను దగ్గరుండి చూశాను. ఒక టైలరు, మూడు వారాల తర్వాత ఒక పెళ్లికూతురి మేనత్త, ఇద్దరూ బస్టాండు వీధిలో ఒకే గుంతలో పడి వచ్చారు. మేనత్తకు కట్టు కట్టి పంపించాక పెద్దాయనకు కోపం వచ్చింది. "రోగం ఆడుండాది, నేను కట్టు ఈడ కడతా ఉండాను," అంటూ మిగిలిన గుడ్డ, ఒక వెదురు కట్టె తీసుకుని బస్టాండు వీధికి పోయాడు. గుంతలో కట్టె నాటి, దానికి చేతికి చుట్టినట్టే గుడ్డ చుట్టి, ముడేసి వచ్చాడు. ఆ రోజు నుంచి ఎవరు ఎక్కడ పడి వచ్చినా మనిషికొక కట్టు, గుంతకొక కట్టు.

నాకు ఇంట్లో ఏదైనా రాసి పెట్టుకునే అలవాటు. గ్యాసు బండ మార్చిన తేదీ, చాకలికి వేసిన దుప్పట్లు, అత్తగారి మాత్రలు అన్నీ గీతలు గీసి రాసుకుంటాను. ఆయన అది చూసి ఒకరోజు అరుగు మీద నన్ను కూర్చోబెట్టి, "పాపా, యెవురు పడినారు, యాడ పడినారు, ఏ ఎముక, ఈ మూడూ రాయి," అన్నాడు. నేను కుడా ఎడమా అనే గడి, కట్టు విప్పే రోజు అనే గడి కూడా కలిపాను. వారానికొకసారి ఆ పుస్తకం పట్టుకుని ఇద్దరం మునిసిపల్ ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే సోమవారం గ్రీవెన్సుకు పోయేవాళ్లం. కట్టెకు కట్టిన గుడ్డ దూరానికి కనపడడం వల్లనో, పేరుతో సహా పడినవాళ్లు కనపడడం వల్లనో, గుంతలు నిజంగానే పూడ్చడం మొదలుపెట్టారు.

గుంత పూడ్చగానే పెద్దాయన పోయి కట్టు విప్పేవాడు. కొత్త సిమెంటు మీద అరచెయ్యి పెట్టి తడిమి, "అతుక్కొనింది," అనేవాడు. విప్పిన గుడ్డను పెద్దమ్మ ఉతికి ప్రహరీ మీద ఆరేసేది.

"ఏమప్పా, రోడ్లన్నీ బాగైపోతే నీ బేరం ఏమయ్యేది?" అని అరుగు మీది నుంచి మా ఎదురింటి కండక్టరు అన్న ఎగతాళి చేసేవాడు. ఈ అన్న బస్సు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి.

"మామిడికాయల కాలంలో చెట్ల మీంచి పడేవాళ్లు ఉండారు. బండి నేర్చుకునే పిల్లోళ్లు ఉండారు. నాకు వాళ్లు సాలు. గుంతలోళ్లు నాకొద్దు," అనేవాడు పెద్దాయన.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, కట్టు ఉంటే గుంత పూడుస్తారని ఊరికి తెలిసిపోయింది. జనం పాత పంచెలు, చీర అంచులు చింపి కనిపించిన గుంతకల్లా కట్టడం మొదలుపెట్టారు. ఒకతను ఇంటి ముందు వీధిదీపం వెలగడం లేదని స్తంభానికి కట్టు కట్టాడు. పెద్దాయన ఎండలో గుంత గుంతకూ తిరిగి, "ఈడ యెవురు పడినారు? యాడ ఆ ఎముక? సూపీ," అని అడిగేవాడు. చూపించలేనివాళ్ల కట్టు అక్కడికక్కడే విప్పేసేవాడు.

చివరికి సంగతి కౌన్సిల్ మీటింగుకు వెళ్లింది. పెద్దాయన్ను పిలిపించారు. నేను పుస్తకం పట్టుకుని వెనక కుర్చీలో కూర్చున్నాను.

ఒక కౌన్సిలరు లేచి, "మా వార్డులో పదకొండు కట్లుండాయి. ఒక్క గుంతా పూడ్సలేదు," అన్నాడు.

ఇంకొకాయన లేచి, "మా వార్డులో ఒక్క కట్టూ లేదు. ఈ పెద్దాయనకు మా వార్డు మీద ఏం కోపం?" అన్నాడు.

"మీ వార్డులో రోడ్డే లేదు కదప్పా, గుంత యాడొస్తాది?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వులు. చైర్‌పర్సనమ్మ బల్ల కొట్టి, పెద్దాయన్ను చెప్పమంది.

"కోపంతో కట్లు కట్టేవాణ్ణయితే మొదట ఈ ఆఫీసు మెట్లకు కట్టుంటా తల్లీ. మొన్న మీ అటెండరు ఈడే జారినాడు. కాలు మడత పడలేదు కాబట్టి వదిలేసినా," అన్నాడు.

అప్పుడు మా వార్డు కౌన్సిలరు లేచి ఒక తీర్మానం ప్రతిపాదించాడు. గుంతకు కట్టు ఒక్కటే ఉంటే చాలదు, నోటుబుక్కులో నమోదు ఉండాలి, పక్కన పడినవారి సంతకం ఉండాలి, అప్పుడే దాన్ని అత్యవసర మరమ్మతు కింద తీసుకోవాలి. అందరూ చేతులెత్తారు. మా కౌన్సిలరు చాలా తృప్తిగా కూర్చున్నాడు. నేను ఆ సాయంత్రమే కొత్త పుస్తకం కొని సంతకానికి ఒక గడి గీశాను.

ఆ తీర్మానం ఊళ్లో అందరికీ మేలు చేసింది, ఒక్క మా వీధికి తప్ప.

మా వీధి మూలలో, మెయిన్‌రోడ్డుకు తిరిగేచోట, కాలవ దాటాలి. ఆ కాలవ మీద పెద్ద రాతిబండ ఉండేది. పూడిక తీయడానికి బండ ఎత్తినవాళ్లు మళ్లీ దించేటప్పుడు అది రెండు ముక్కలైంది. ముక్కలు పక్కన పెట్టి పోయారు. కొత్త బండ రాలేదు. రెండడుగుల ఖాళీ. మేమే వేసుకుంటామంటే కాలవ మునిసిపాలిటీది, చెయ్యి పెట్టకూడదన్నారు. చెక్క అడ్డం వేస్తే రెండు రోజులకు ఎవరో నీళ్లు కాచుకోడానికి తీసుకుపోయారు.

మాకు కాళ్లున్నాయి, పెద్ద అంగ వేసి దాటేవాళ్లం. మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్లు, మోకాళ్లు వంగవు. కాలవకు అవతల యాభై అడుగుల దూరంలో ఆమె చెల్లెలి ఇల్లు. చెల్లెలికీ మోకాళ్లే. బండ పోయాక ఏడాది పాటు అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకోలేదు. రోజూ ఫోన్లో మాట్లాడుకునేవారు. ఇద్దరికీ చెవుడు, గట్టిగా అరుస్తారు. చిన్నత్త మాట నాకు ఒకసారి ఫోన్లో, ఒకసారి కిటికీలోంచి వినిపించేది.

పెద్దాయన రోజూ సందకాడ మా అత్తగారి దగ్గరికి వచ్చి, "ఏమక్కా, ఏమన్నా ఉండాదా?" అని అడిగి, మురుకుల డబ్బానో పచ్చడి గిన్నెనో చెల్లెలికి ఇచ్చి, అక్కడిచ్చింది ఇక్కడికి తెచ్చేవాడు. డెబ్బై అయిదేళ్ల మనిషి, కాలవ మీద అంగ వేస్తుంటే నేను గేటు దాకా పరిగెత్తేదాన్ని. "నేనుండా కదక్కా నడిచే బండని," అనేవాడు.

మరి ఈ బండ గురించి ఎందుకు రాయలేదంటారా? ఎవరూ పడలేదు. అదే మా ఖర్మ. కండక్టరు అన్న ఇల్లు సరిగ్గా ఆ మూలలోనే. పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని, కొత్తవాళ్లు ఎవరొచ్చినా, "బండ లేదు! అంగెయ్!" అని కేక పెట్టేవాడు. ముప్పై ఏళ్లు బస్సులో అరిచిన గొంతు. పడబోయేవాడు కూడా ఉలిక్కిపడి ఆగిపోయేవాడు.

వార్డు సచివాలయంలో అడిగితే, "ఎవరైనా పడ్డారా?" అనేవాళ్లు. లేదంటే, "అయితే వచ్చే మీటింగులో చూద్దాం," అనేవాళ్లు. కౌన్సిలరూ అదే మాట.

ఒక మధ్యాహ్నం మా అరుగు మీద వీధివాళ్లం కూర్చుని దీన్ని తేల్చాలనుకున్నాం. మా అత్తగారు నేరుగా కండక్టరు అన్నకు గురి పెట్టింది.

"నువ్వు గమ్మునుంటే ఈపాటికి బండ పడుండేది కదరా!"

"యెవురో ఒకరు కాలిరగ్గొట్టుకోవాలంటావా అత్తా?"

"ఇరిగేదెందుకు? రవంత బెణికితే సాలు."

అన్న ఒక పూట నోరు మూసుకుంటానని ఒప్పుకున్నాడు. మర్నాడు పొద్దున మొదట వచ్చిన గిన్నెలమ్మే మనిషికే "బండ లేదు!" అని అరిచేశాడు. "నోరు నా మాట ఇన్లేదు," అని తలవంచుకుని చెప్పాడు. ఇక తనే పడతానన్నాడు. మూడో మనిషికి తెలియకూడదు. నేను రాస్తాను, ఆయన సంతకం పెడతాడు, అంతే.

ఇది నేను రాయకుండా దాటెయ్యవచ్చు. కానీ పెద్దాయన గురించి రాస్తూ దీన్ని వదిలేస్తే తప్పు.

అనుకున్న రోజు అన్న మూల దగ్గర "అయ్యో!" అని కూలబడ్డాడు. ఇద్దరు పట్టుకుని పెద్దాయన అరుగు మీదికి తెచ్చారు. నేను అప్పటికే పుస్తకంలో వరస పూర్తి చేశాను.

"యాడ పడినావు?"

"మూల కాలవలో."

"ఏ కాలు ముందు పెట్టినావు?"

"కుడిది."

"దెబ్బ?"

"ఎడమ మోకాలు."

పెద్దాయన కళ్లు మూసుకుని ఎడమ మోకాలు తడిమాడు. "ఇదేందప్పా, ఎముక ఇంత మెత్తగా ఉండాది?" అంటూ పంచె కింద నుంచి నాలుగు మడతల టవలు బయటికి లాగాడు. తర్వాత అన్న రెండు అరచేతులూ తిప్పి చూశాడు. "పడే మనిసి చేతులు ముందుకు సాస్తాడు. చేతులకు మట్టన్నా అంటాల. నువ్వు పంచె సర్దుకోని, భోజనానికి కూర్చున్నట్ల పడినావు."

వాకిట్లో పసరు నూరుతున్న పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన నా వైపు తిరిగాడు.

"రాసేసినావా పాపా?"

"రాశాను పెద్దనాయనా."

"కొట్టెయ్."

"ఒక్కటే కదా పెద్దనాయనా. మా అత్త ఏడాదిగా చెల్లెల్ని చూడలేదు."

"నాకు తెలీదా? రోజూ డబ్బా మోసేది నేనే కదా." ఆయన గొంతు తగ్గించాడు. "ఈ ఒక్కటి దొంగదని తేలితే, ఈ పుస్తకంలో పడినోళ్లందరూ దొంగలే అంటారు పాపా. వాళ్లు నిజంగా పడినారు."

నేను కొట్టేశాను. స్కేలు పెట్టి, రెండు గీతలు. ఆయన పుస్తకం నా చేతిలోంచి తీసుకుని లోపల పెట్టేశాడు. మూడు రోజులు వచ్చినవాళ్ల వివరాలు ఆయనే రాసుకున్నాడు. నాలుగో రోజు తనే తెచ్చి ఇచ్చాడు.

"నేను రాసింది నాకే తెలీలేదు. ఒకరిది మోకాలో మోచెయ్యో, సూడు," అన్నాడు. చూశాను. అది బొటనవేలు.

తర్వాత కూడా ఆయన డబ్బాలు మోస్తూనే ఉన్నాడు. పోయిన ముందురోజు సాయంత్రం కూడా చిన్నత్త ఇచ్చిన ఉసిరికాయ ఊరగాయ తెచ్చి ఇచ్చి పోయాడు.

ఆయన పోయిన రోజు ఊరు ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్లు పెద్దమ్మతో తమ తమ ఎముకల గురించి చెప్పుకున్నారు. ఒకాయన మోచెయ్యి ముడిచి చాచి, ముడిచి చాచి చూపిస్తూ ఏడ్చాడు. మా అత్తగారు ఒక మూల కూర్చుని, "ఇంక నా డబ్బా యెవురు తీసుకోని పోతారు?" అంటోంది. నేను పుస్తకం ఆయనతోపాటు పాడె మీద పెట్టాలని తెచ్చాను. పెద్దమ్మ చూసి వద్దంది.

"ఆడ గుంతలు రాసుకునేదానికా? అది ఈడ పని. ఈడే ఉండనీ."

అలా పుస్తకం నా చేతిలోనే ఉండిపోయింది.

పాడె లేచింది. ముందు పలకలు కొట్టేవాళ్లు. వాళ్ల వెనక మా వార్డు కౌన్సిలరు. ఎప్పుడొచ్చినా వీధికి ఆ చివర నుంచే వచ్చి పోయే మనిషి, ఆ రోజు మొదటిసారి మూల వైపు నడిచాడు. అరుగుల మీద నిలబడ్డ వాళ్లందరికీ దండాలు పెడుతూ, మధ్యమధ్య వెనక్కి తిరిగి పాడెను చూస్తూ నడుస్తున్నాడు. పలకలవాళ్లు కాలవ దాటేశారు. ఎప్పుడూ అరుగు మీదుండే కండక్టరు అన్న పాడె మోస్తున్నాడు. అన్న అరిచాడు కూడా. కానీ పలకల మోతలో ఆ గొంతు ఎవరికీ వినపడలేదు.

కౌన్సిలరు కాలు కాలవలోకి పోయింది. రెండు చేతులూ ముందుకు చాచి పడ్డాడు.

పలకలు ఆగిపోయాయి. పాడె ఆగింది. ఆయన్ను పైకి లాగి కూర్చోబెట్టారు. చీలమండ అప్పుడే వాచిపోతోంది. అందరం అలవాటుగా పెద్దాయన కోసం చూశాం. ఆయన పాడె మీద ఉన్నాడు.

మా వైపు ఆడవాళ్లు వీధి మూల వరకు వచ్చి ఆగిపోతారు. వెనక నుంచి పెద్దమ్మ జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చింది. కళ్లు తుడుచుకుని కింద కూర్చుని, కౌన్సిలరు కాలు ఒళ్లో పెట్టుకుంది.

"యాడ పడినావు నాయనా?" అంది.

అందరి ముందే పడ్డాడు. అయినా ఆయన చెప్పాడు. "ఈడేనమ్మా. ఈ బండ లేనిచోట."

పెద్దమ్మ కళ్లు మూసుకుంది. రెండు బొటనవేళ్లతో తడిమింది. యాభై ఏళ్లు పసరు నూరుతూ ఆమె ఏం చూసిందో, ఏం నేర్చుకుందో మాకెవరికీ తెలియదు.

"ఎముక బాగుండాది. నరం పట్టుకొనింది. కుడి చీలమండ. రాసుకో పాపా."

నేను నిలబడే రాశాను. పెన్ను కౌన్సిలరు ముందు పెట్టాను.

"నా పేరు కూడా రాయాలా అక్కా?" అన్నాడు.

"సంతకం లేకపోతే చెల్లదు సార్. మీరు పెట్టిన తీర్మానమే," అన్నాను.

ఆయన సంతకం పెట్టాడు. పెద్దమ్మ తన పాత చీర కొంగు చింపి సగం ఆయన కాలికి చుట్టింది. మిగతా సగం నాకిచ్చింది. పక్కనున్న కట్టెను విరిగిన బండ ముక్కల మధ్య నాటి నేను కట్టాను. కౌన్సిలరును ఎవరో బండి మీద కూర్చోబెట్టుకుని పోయారు. పాడె కింద నుంచి కండక్టరు అన్న, "రైట్," అన్నాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. తర్వాత మూడు రోజులు తలుచుకుని తలుచుకుని నవ్వాం. పెద్దమ్మ కూడా నవ్వింది.

ఆరో రోజున బండ వచ్చింది. రాయి కాదు, కాంక్రీటుది, కాలవకు సరిపోయేలా కొత్తగా పోసింది. పెద్దమ్మ వచ్చి కట్టు విప్పాకే తొక్కుతానని మా అత్తగారు ఆగింది.

పన్నెండో రోజు పొద్దున పాలు పోసే ఆమె పెద్దమ్మ అరుగు మీద కూర్చుంది. పెద్దమ్మ కట్టు విప్పి, నువ్వులనూనె రాసి, మణికట్టు తడిమి, "అతుక్కొనింది, పో," అంది. ఆమె వెనక అప్పటికే ఒక ముసలాయన భుజం పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన్ను ఉండమని చెప్పి, పెద్దమ్మ నన్ను పిలుచుకుని మూల దగ్గరికి బయలుదేరింది. మా అత్తగారు మురుకుల డబ్బా పట్టుకుని మా వెంట వచ్చింది.

పెద్దమ్మ కట్టె మీది గుడ్డ ముడి విప్పింది. వంగి బండ మీద అరచెయ్యి పెట్టి తడిమింది. గుడ్డ పిడికిట్లో పట్టుకుని, రెండో చేత్తో మా అత్తగారి చెయ్యి పట్టుకుంది.

ఇద్దరూ బండ మీదికి అడుగు పెట్టబోయారు. సరిగ్గా అప్పుడే అరుగు మీది నుంచి కండక్టరు అన్న పాత అలవాటు కొద్దీ, "బండ లేదు! అంగెయ్!" అని కేక పెట్టాడు.

ఇద్దరు ముసలమ్మలూ చీర కుచ్చెళ్లు పైకెత్తి, కొత్త బండను అంచు కూడా తొక్కకుండా, అంత పెద్ద అంగ వేసి అవతలికి దాటారు.